అప్పు మన పేరున, మీటరు ఎవరి పేరున?

సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రూపు తరఫున లీడరు చేసిన ప్రసంగం



 ఈ పూట పని మానుకొని, జీతంలో కోత పడుతుందని తెలిసీ వచ్చినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. కాబట్టి పనికొచ్చే మాటే చెప్తాం.

పోయిన సంవత్సరం మీ గ్రూపు ఏం చేసిందో చెప్పండి అని అడిగారు. పొదుపు ఎంత, అప్పులు ఎన్ని, రికవరీ ఎంత అన్న లెక్కలు నివేదికలో ఎట్లాగూ ఉంటాయి. మేము ఒక్క సంగతే తీసుకుంటున్నాం. ఊళ్ళో ఉన్న ఇంటి మీద సోలార్ ప్లేట్లు పెట్టుకోవడం. ఇందులో మేము ఒక ఇంటికి మంచి చేశాం, ఒక దగ్గర దెబ్బ తిన్నాం, ఇంకో ఇంటి దగ్గర అనుకోనిది ఒకటి నేర్చుకున్నాం. మూడూ చెప్తాం. ఆ సభ్యులు ఇక్కడే కూర్చున్నారు. పేర్లు చెప్పొద్దు, సంగతి మాత్రం మొత్తం చెప్పమన్నారు. అందుకని ఒకరిని పాలమూరు అక్క, ఒకరిని నల్గొండ అక్క, ఒకరిని ఇడ్లీబండి అక్క అంటాం.

మా గ్రూపులో పది మందిమి. ఆరుగురు బంగళాల్లో వంటపని, ఇంటిపని చేస్తారు. ఇద్దరు షూటింగులకు పోతారు, ఒకరు ప్రొడక్షన్ వంట దగ్గరికి, ఒకరు జూనియర్ ఆర్టిస్టుగా. ఒకరు మిషన్ కుడతారు. ఒకరిది ఇడ్లీ బండి.

ఫిల్మ్‌నగర్‌లో ఎండ లేదా, ఊరింటి దాకా ఎందుకు అని మీరు అడగొచ్చు. గుట్ట మీద ఉన్నాం, ఎండ మనకే ముందు తగుల్తుంది. కానీ కప్పు ఏది? మన ఇండ్లు 40 గజాలు, 60 గజాలు. కింద ఒకరు, పైన ఒకరు. మీద నీళ్ళ ట్యాంకులు, బట్టల తీగలు, పక్కింటి మూడో అంతస్తు నీడ. ఒక్క కిలోవాటు ప్లేట్లకు నీడ పడని జాగా దాదాపు 100 చదరపు అడుగులు కావాలి. అంత జాగా మన మీద ఎక్కడిది? పైగా సగం మందిమి కిరాయికి ఉంటాం. అందుకే మనలో ఎవరికి సోలార్ ఆలోచన వచ్చినా అది ఊరింటి మీదికే పోతుంది. ఊళ్ళో అత్తో, అమ్మో ఉంటారు. దసరాకు పోతాం, సంక్రాంతికి పోతాం. ఇక్కడ అంట్లు తోమిన డబ్బులు అక్కడ ఇటుకలైనయి, సిమెంటైనయి. ఎప్పటికైనా పోయి ఉండేది అక్కడే అని మనసులో ఉంటుంది.

ఇది ఎట్లా మొదలైందంటే, పాలమూరు అక్క పనిచేసే బంగళా వాళ్ళకు చేవెళ్ళ వైపు తోటలో ఒక ఇల్లు ఉంది. చుట్టాలు వచ్చిన ఆదివారం అక్కను అక్కడికి వంటకు తీసుకుపోతారు. ఒక ఆదివారం పోతే ఆ ఇంటి మీద సోలార్ ప్లేట్లు పెట్టారు. వర్షం పడి ఊరంతా కరెంటు పోయింది, ఆ ఇంట్లో మాత్రం ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. అక్క తర్వాతి మీటింగులో మాకు చెప్పింది. "ఊరంత చీకటే. గా ఒక్క ఇల్లు మాత్రం పెండ్లిల్లు లెక్క వెలుగుతాంది. మా అత్త కరెంటు పోతే గోడ పట్టుకొని నడుస్తది. నాకు గ్రూపుల నుంచి లక్షన్నర ఇయ్యుండ్రి, మా ఊరింటికి గవే పెట్టిస్త" అన్నది.

ఆ నెలలో ఇంకో ఇద్దరు మాకూ కావాలన్నారు. అప్పుడు మేమందరం సోలార్ అంటే ఏందో తెలుసుకోవాలని కూర్చున్నాం.

మా మిషన్ కుట్టే చెల్లె భర్త సినిమాల్లో లైట్‌మన్. జనరేటర్ వ్యాన్ ఎంత లోడు మోస్తుంది, ఎన్ని లైట్లకు సరిపోతుంది అన్నది ఆయన రోజూ చూసే పని. ఆయన్ని మీటింగుకు పిలిచి నేల మీద కూర్చోబెట్టి చెప్పించుకున్నాం. ఆయన చెప్పింది, తర్వాత మేము కరెంటు ఆఫీసులో, బ్యాంకులో అడిగి తెలుసుకున్నది కలిపి మీకు చెప్తున్నాం.

ఒక కిలోవాటు అంటే 1,000 వాట్ల ప్లేట్లు. మన దగ్గర ఎండకు అవి రోజుకు దాదాపు 4 యూనిట్లు చేస్తాయి, నెలకు 120 దాకా. 2 కిలోవాట్లయితే నెలకు 240. ఇప్పుడు వచ్చే ప్లేటు ఒక్కోటి 540 వాట్ల దాకా ఉంటుంది కాబట్టి నాలుగు ప్లేట్లతో 2 కిలోవాట్లు వచ్చేస్తాయి. వాటిని దక్షిణం వైపు కొంచెం వాలుగా, నీడ పడకుండా పెట్టాలి. ప్లేటు నుంచి వచ్చే కరెంటు మన ఇంట్లో వాడే కరెంటు లాంటిది కాదు. ఇన్వర్టర్ అనే పెట్టె దాన్ని మారుస్తుంది. ఇంట్లో వాడగా మిగిలింది తీగల మీద బయటికి పోతుంది. రాత్రి మనకు కావాల్సింది బయటి నుంచి వస్తుంది. ఎంత పోయింది, ఎంత వచ్చింది రెండూ రాసే మీటరు పెడతారు. దాన్ని నెట్ మీటరు అంటారు. మన గ్రూపు పుస్తకంలో జమ, ఖర్చు రాసినట్టే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సబ్సిడీతో పెట్టే మామూలు సోలార్‌కు బ్యాటరీ ఉండదు. లైను కరెంటు పోతే ఇదీ ఆగిపోతుంది. ఎండ మండిపోతున్నా సరే ఆగుతుంది. ఎందుకంటే లైన్‌మన్ స్తంభం ఎక్కి తీగ పట్టుకున్నప్పుడు మన ఇంటి నుంచి కరెంటు పోతే ఆయన ప్రాణం పోతుంది. తోట ఇంట్లో ఫ్యాన్లు తిరిగాయంటే అక్కడ బ్యాటరీలు పెట్టారు, దాని ఖర్చు వేరే. ఈ ఒక్క మాట విని పాలమూరు అక్క మొహం చిన్నబోయింది. అత్త చీకట్లో నడవకుండా ఉండాలన్నదే కదా ఆమె మొదటి ఆశ. దానికి లక్షన్నర సోలార్ అక్కర్లేదు, చార్జింగ్ లైట్లు రెండు చాలు. ఆ నెలలోనే కొని పంపింది.

సబ్సిడీ సంగతి. ప్రధాన మంత్రి సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది. ఇండ్లకు మాత్రమే. 1 కిలోవాటుకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టినా 78,000. పోర్టల్‌లో మనమే మొబైల్ నంబరు, కరెంటు బిల్లు మీది సర్వీసు నంబరు పెట్టి నమోదు చేసుకోవచ్చు. నమోదైన కంపెనీల జాబితా అందులోనే ఉంటుంది, మనమే ఎంచుకోవాలి. బిగించి, నెట్ మీటరు పెట్టి, కరెంటోళ్ళు చూసి సరే అన్న తర్వాత సబ్సిడీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. బ్యాంకులు తాకట్టు లేకుండా 2 లక్షల దాకా అప్పు ఇస్తున్నాయి, వడ్డీ మన గ్రూపు రూపాయి వడ్డీ కన్నా తక్కువ. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. కాబట్టి గ్రూపు పైసలు మొత్తం తీసుకుపోయి ప్లేట్లకు పెట్టనవసరం లేదు.

ఇవన్నీ ఇప్పుడు ఇట్లా గుక్కతిప్పుకోకుండా చెప్తున్నాం కానీ, ఇవి తెలియక ముందే ఒక తప్పు చేశాం. అదీ చెప్పాలి.

బస్తీలో ఒకతను కరపత్రాలు పంచుతూ వచ్చాడు. దాని మీద కొండారెడ్డిపల్లి ఫోటో. నాగర్‌కర్నూల్ జిల్లాలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారి సొంత ఊరు అది. 2025లో ఆ ఊళ్ళో ఇండ్లకు సోలార్ పెట్టారు, పేపర్లలో అందరూ చూశారు. ఆ ఊరికి సబ్సిడీతో పాటు ఒక కంపెనీ సామాజిక బాధ్యత నిధులు కూడా కలిశాయి. అన్ని ఊళ్ళకూ అట్లా కలవవు. ఇతను మాత్రం "అక్కడ ఉచితంగా వచ్చింది, మీకూ వస్తుంది, 15,000 కడితే మీ పేరు ముందు రాస్తా, ఈ నెలాఖరే ఆఖరు" అన్నాడు. ఇడ్లీబండి అక్క మమ్మల్ని అడిగింది. మేము ఒక్క గంటలో తీర్మానం రాసి 15,000 ఇచ్చేశాం. పది సంతకాలూ మావే. మూడు నెలలు "అప్లికేషన్ పైన ఉంది" అన్నాడు. తర్వాత ఫోను ఎత్తలేదు. కూర్చునే షట్టరుకు తాళం. అతన్ని బస్తీకి తెచ్చిన మనిషి ఇంటి ముందు రెండు రోజులు కూర్చుంటే 9,000 తిరిగొచ్చింది. మిగతా 6,000 ఎవరు కట్టాలి? ఇడ్లీబండి అక్క నేనే కడతా అన్నది. మేము ఒప్పుకోలేదు. సంతకం పెట్టింది పది మందిమి, మనిషికి 600 వేసుకున్నాం. 600 అంటే బంగళాలో మూడు రోజుల పని. ఆ మూడు రోజుల పని చేసిన తర్వాతనే మాకు తెలివి వచ్చింది.

అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. ఇల్లు చూడకుండా, బిల్లు చూడకుండా సోలార్‌కు పైసా ఇయ్యొద్దు. ఇద్దరు సభ్యులు సొంత చార్జీలతో ఊరికి పోయి చూడాలి.

మొదట పాలమూరు అక్క ఊరికి పోయాం. ఆదివారం పొద్దున మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో బస్సెక్కి, మధ్యాహ్నానికి చేరాం. అత్త జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. తిన్నాక బిల్లు తెమ్మన్నాం.

బిల్లులో 85 యూనిట్లు. కట్టాల్సింది సున్నా.

గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి తెల్లకార్డు ఉన్న ఇంటికి 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు కదా. సున్నా బిల్లు వచ్చే ఇంటికి సోలార్ పెడితే ఎంత మిగుల్తుంది? సున్నాలోంచి ఏం తీసేస్తాం? ఇంత చిన్న లెక్క మేము హైదరాబాదులో కూర్చొని వెయ్యలేదు.

ఆ రాత్రి అందరం కూర్చొని మళ్ళీ లెక్క వేశాం. స్లాబు అంటే మనకు ఇంటి మీద పోసేదే తెలుసు, కరెంటు బిల్లులో కూడా స్లాబులు ఉన్నాయి. ఇప్పుడున్న రేట్లలో 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు 5.10 రూపాయల చొప్పున పడుతుంది. ఆ పైన 300 దాకా 7.70, 400 దాకా 9, 800 దాకా 9.50, ఆపైన 10 రూపాయలు. మేము పనిచేసే బంగళాలో ఏసీలు, గీజర్లు నడిచి నెలకు 900 యూనిట్లు కాలితే వినియోగం చార్జీ ఒక్కటే 7,490. ఆ ఇంటి మీద 3 కిలోవాట్లు పెడితే నెలకు 360 యూనిట్లు తగ్గుతాయి. అవి తగ్గేది పై నుంచి, అంటే 10 రూపాయలు, 9.50 పడే యూనిట్లు. నెలకు 3,470 మిగుల్తుంది. అవే ప్లేట్లు పాలమూరు అక్క ఇంటి మీద పెడితే బిల్లులో మిగిలేది ఏమీ లేదు. ఎండ ఇద్దరికీ ఒక్కటే, ప్లేటు ఒక్కటే. బిల్లు వేరు. బంగళా వాళ్ళు పెట్టుకున్నారంటే వాళ్ళకు లెక్క కుదిరింది. వాళ్ళను చూసి మనం పెట్టుకోవద్దు, మన బిల్లును చూసి పెట్టుకోవాలి. మిగిలిన కరెంటు అమ్ముకొని అప్పు కడతాం అనేవాళ్ళు, ఆ మిగులుకు యూనిట్‌కు ఎంత ఇస్తారో కరెంటు ఆఫీసులో కాగితం మీద చూసి, ఆ తర్వాతనే లెక్క వేసుకోండి.

ఇది బిల్లు సంగతి. అసలు సంగతి బిల్లు పైన ఉంది. మీటరు ఎవరి పేరున ఉందో అక్కడ రాసి ఉంటుంది.

మామ గారి పేరు. ఆయన పోయి తొమ్మిదేండ్లు. ఇంటి పన్ను రశీదు తెమ్మన్నాం. అదీ ఆయన పేరే. ముగ్గురు కొడుకులు, పంచుకోలేదు. సోలార్‌కు దరఖాస్తు మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్ళు పెట్టాలి, సబ్సిడీ పడే ఖాతా కూడా వాళ్ళదే. అంటే అప్పు మా అక్క పేరున, దరఖాస్తు చనిపోయిన మనిషి పేరున. రేపు పేరు మార్చినా ఏ కొడుకు పేరున మారితే ఆ ఖాతాలో 60,000 పడుతుంది. వాయిదాలు మాత్రం ఫిల్మ్‌నగర్‌లో అంట్లు తోమి మా అక్క కడుతుంది.

ఆ ఇంటి స్లాబు మా గ్రూపు అప్పుతోనే పడింది. మొదట 50,000, తర్వాత 80,000. రెండూ ఆమె తీర్చింది, ఒక్క వాయిదా తప్పలేదు. మా గ్రూపు పుస్తకంలో ప్రతి నెలా ఆమె పేరు, ఆమె సంతకం ఉన్నాయి. ఆ ఇంటి కాగితాల్లో ఒక్క చోట కూడా లేవు.

మేము అది అక్కడ గట్టిగా అనలేదు. చిన్న మరిది అక్కడే ఉన్నాడు, మంచివాడే. "వదినా, పెట్టుకో, ఎవరొద్దన్నరు? కరెంటు అందరం వాడుకుంటం" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. తిరిగి వస్తుంటే జడ్చర్ల దాకా అక్క ఏం మాట్లాడలేదు. జడ్చర్ల దాటినాక అడిగింది. "అక్కా, ఇన్నేండ్ల సంది నేను ఎవరి ఇల్లు కడుతున్న?"

మా దగ్గర జవాబు లేదు. మాలో ఎంతమందికి ఉంది? ఇంటికొచ్చి తొమ్మిది మందిమి ఎవరి ఊరింటి బిల్లు వాళ్ళు ఫోనులో ఫోటో తెప్పించుకొని చూసుకున్నాం. ఆడమనిషి పేరున మీటరు ఉన్నది రెండు ఇండ్లకే. ఇప్పుడు ఈ హాలులో ఉన్న మీరు కూడా ఈ రాత్రి తెప్పించుకొని చూసుకోండి.

ఆ రెండిట్లో ఒకటి నల్గొండ అక్కది. ఆమె పెండ్లప్పుడు అమ్మ పసుపు కుంకుమ కింద ఇచ్చిన జాగాలో కట్టిన ఇల్లు. కాగితం ఆమె పేరున, మీటరు ఆమె పేరున. ఇంట్లో అమ్మ, తమ్ముడి సంసారం ఉంటారు. ఫ్రిజ్, కూలర్, నీళ్ళ మోటారు అన్నీ కలిసి నెలకు 250 యూనిట్ల దగ్గర కాలేది. 200 దాటింది కాబట్టి సున్నా బిల్లు రాదు, మొత్తం కట్టాలి. వినియోగం చార్జీ 1,405, మిగతా చార్జీలు కలిపితే 1,500 దాకా వచ్చేది. అక్కడికీ ఇద్దరం పోయాం. స్లాబు గట్టిది. పడమర వేపచెట్టు నీడ సాయంత్రం నాలుగు దాటాకే పడుతుంది. ఇది కుదిరే ఇల్లు అని రాసుకొచ్చాం.

మూడు కంపెనీల దగ్గర ధర అడిగాం. లైట్‌మన్ తమ్ముడు ఆ కాగితాలు చదివి, ఎర్తింగ్, పిడుగు పడకుండా పెట్టే కడ్డీ, ప్లేట్ల కింది ఇనుప స్టాండు ఎత్తు, ఇవి రాయని కాగితం పక్కన పెట్టమన్నాడు. 2 కిలోవాట్లకు 1,40,000 కుదిరింది. అందులో 14,000 మా గ్రూపు అంతర్గత అప్పు ఇచ్చింది. 1,26,000 బ్యాంకు ఇచ్చింది. వాయిదా నెలకు 1,430 చిల్లర. బిగించడం రెండు రోజుల పని. నెట్ మీటరుకు మాత్రం ఐదు వారాలు తిరగాల్సి వచ్చింది. సబ్సిడీ 60,000 అప్పు ఖాతాకే జమ చేయించింది. ఇంకా మిగిలింది 66,000. వాయిదా తగ్గించుకోకుండా అట్లాగే కడితే నాలుగున్నరేండ్లలో తీరిపోతుంది. ముందు కరెంటు బిల్లుకు పోయే డబ్బే ఇప్పుడు వాయిదాకు పోతుంది. అప్పు తీరినాక ఆ డబ్బు ఆమెదే. ప్లేట్లకు 25 ఏండ్ల వారంటీ, కంపెనీ వాళ్ళు ఐదేండ్లు చూసిపోవాలి.

మొదటి బిల్లు వంద చిల్లర వచ్చింది. అమ్మ నమ్మలేదు, మీటరు ఆగిపోయిందేమో అని లైన్‌మన్‌ను పిలిపించింది. అన్నీ అట్లాగే ఉండవు. జూలైలో ముసురు పట్టి 240 రావాల్సింది 150 దగ్గరే ఆగింది. కోతులు ప్లేట్ల మీద జారుడుబండ ఆడుతున్నాయని తమ్ముడు ముళ్ళ కంప కట్టాడు. తమ్ముడి భార్య ప్లేట్లను పీచుతో, సబ్బుపొడితో తోమబోతే ఫోనులోనే ఆపాం. పీచు పెడితే అద్దం మీద గీతలు పడతాయి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఒట్టి నీళ్ళు పోసి మెత్తటి బట్టతో తుడిస్తే చాలు. మిట్టమధ్యాహ్నం కాగిన అద్దం మీద చన్నీళ్ళు పోయొద్దు.

ఇక పాలమూరు అక్క సంగతి. ఆమె ఇంటికొచ్చి భర్తతో మాట్లాడింది. ఆయన ఫిల్మ్‌నగర్‌లోనే వాచ్‌మన్. "నా పేరున అయితే నీ పేరున అయినట్టే కదా" అన్నాడు. ఆమె "మరి నా పేరున అయితే నీ పేరున అయినట్టే కదా" అన్నది. రెండు నెలలు ఇంట్లో ఇదే మాట. మేము మధ్యలో పోలేదు. ఆమె గ్రూపు పుస్తకం జిరాక్సులు, వాయిదాల రశీదులు ఒక సంచిలో పెట్టుకొని దసరాకు ఊరికి పోయింది. అన్నదమ్ములు ముగ్గురూ కూర్చున్నారు. ఆ సంచిలో కాగితాలు చూసినాక పెద్ద బావ గారే అన్నాడట, "స్లాబు పోసిన గదులు రెండు ఆమెకే రాయుండ్రి" అని. పత్తి అమ్మినాక రిజిస్ట్రేషన్ పెట్టుకున్నారు. దానికి ఖర్చుకు ఆమె గ్రూపును 25,000 అడిగింది.

కాబట్టి సోలార్ కోసం మొదలుపెట్టి మేము పాలమూరు అక్కకు ఇచ్చిన అప్పు రిజిస్ట్రేషన్‌కు పోయింది. రెండు గదులు ఇప్పుడు ఆమె పేరున ఉన్నాయి. ఆ గదులకు కొత్త మీటరుకు దరఖాస్తు పెట్టింది, ఆమె పేరునే. ప్లేట్లు పెట్టలేదు. బిల్లు సున్నా ఉన్నన్నాళ్ళు పెట్టనవసరం లేదు. రేపు అక్కడే మిషన్లు పెట్టి నలుగురితో కుట్టిస్తా అంటుంది. అప్పుడు యూనిట్లు పెరిగితే కప్పు ఆమెది, మీటరు ఆమెది, లెక్క మేము మళ్ళీ వేస్తాం.

ఇంకొక్క మాట. మన రాష్ట్రంలో ఊళ్ళలోని మహిళా సంఘాలతో సోలార్ ప్లాంట్లు పెట్టించాలని ఇందిరా మహిళా శక్తి కింద ప్రభుత్వం 1,000 మెగావాట్ల లక్ష్యం పెట్టుకుంది. మనలో చాలామంది అక్కలు, వదినలు ఆ సంఘాల్లో ఉన్నారు. వాళ్ళు ఫోను చేస్తే మీరు అడగాల్సింది కూడా ఇదే. భూమి ఎవరి పేరున, కరెంటు కొనే ఒప్పందం ఎవరి పేరున, అప్పు ఎవరి పేరున? మూడూ సంఘం పేరున ఉంటే ముందుకు పొమ్మనండి. అప్పు ఒక్కటే సంఘం పేరున ఉంటే ఆగి అడగమనండి.

సమాఖ్యను మా గ్రూపు మూడు కోరుతుంది. ఒకటి, ఇల్లు కట్టడానికైనా, బాగు చేయడానికైనా, సోలార్‌కైనా అప్పు అడిగే ఫారంలో ఒక గడి పెంచాలి. ఇల్లు ఎవరి పేరున, మీటరు ఎవరి పేరున అని. లేదంటే అప్పు ఆపాలని కాదు, ఆ అక్క సంతకం పెట్టే ముందు ఒకసారి చదువుకోవాలని. రెండు, సోలార్ అప్పుకు ముందు ఇద్దరు సభ్యులు పోయి ఇల్లు, ఆరు నెలల బిల్లులు చూసి రాయాలి. మూడు, ఏజెంటు చేతికి అడ్వాన్సు ఇయ్యడానికి ఏ గ్రూపూ తీర్మానం రాయొద్దు. మేము రాసి 6,000 పోగొట్టుకున్నాం, మీరు పోగొట్టుకోవద్దు.

పాలమూరు అక్క తన కాగితం ఇక్కడికి తెచ్చింది, ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని. భోజనాలప్పుడు అడిగితే చూపిస్తుంది. చేతులు కడుక్కొని పట్టుకోండి.